దొరికిన పిల్లల గది

బోర్డు మీద ఆ గది పేరు 'దొరికిన పిల్లల గది'. తప్పిపోయిన పిల్లల గది అని రాస్తే గుమ్మంలో అడుగు పెట్టకముందే పిల్లలు ఏడుపు లంకించుకుంటారని, పార్కు కట్టించిన పెద్దాయన పట్టుబట్టి అలా రాయించాడు. ఆయన పోయాడు. బోర్డు ఉంది, గది ఉంది, గదిలో ఆయన చిన్నకోడలు ఉంది. ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, గేటు దగ్గర టికెట్లు చింపేవాళ్ళ నుంచి రంగులరాట్నం తిప్పేవాడి దాకా అందరికీ మైకు పిన్నే. పార్కులో ఏ మూలనున్నా ఆ గొంతు వినబడుతుంది. పగలంతా పార్కుకు వినబడే ఆ గొంతు రాత్రికి సొంతింట్లో వినబడదని తోడికోడలు ఎగతాళి చేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు.

పెద్దాయన ఆ గదికి పెట్టిన పద్ధతులు చిత్రంగా ఉంటాయి. వచ్చిన పిల్లతో "నువ్వు తప్పిపోలేదమ్మా, మీ వాళ్ళే తప్పిపోయారు, ఇద్దరం కలిసి వెతుకుదాం" అనాలి. లోపల ఒక్క పిల్ల ఉన్నా పిన్ని గుమ్మం దాటకూడదు. ఎవరొచ్చి "మా పిల్లే" అన్నా సరే, పిల్ల తనంతట తాను కుర్చీలోంచి లేచి వాళ్ళ దగ్గరికి వెళ్తేనే పంపాలి. కుర్చీలన్నీ పిల్లలవే, మోకాలెత్తున ఉంటాయి. పెద్దవాళ్ళు కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. పెద్దవాళ్ళకి అక్కడేం పని అన్నాడాయన.

ఈ ఏడు ఆ పద్ధతుల నెత్తిన ఒక యంత్రం వచ్చి కూర్చుంది. గేటు దగ్గరే కుటుంబమంతటికీ ఒకే రంగు, ఒకే గుర్తు ఉన్న చేతిపట్టీలు కడతారు. పిల్ల పట్టీ, వచ్చినవాళ్ళ పట్టీ యంత్రం కింద పెడితే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వెలిగితే పంపెయ్యడమే. పిల్ల లేచిందా లేదా అని యంత్రం అడగదు.

యంత్రంతో పాటే మందు హాలు కూడా వచ్చింది. బోర్డు మీద 'పెద్దల విశ్రాంతి మందిరం' అని ఉంటుంది లెండి. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, బీరు, వైను. తలుపుల ముందు ఇసుక గుంట, అందులో ప్లాస్టిక్ చేటలు, బొచ్చెలు. నాన్న లోపల, పిల్లలు ఇసుకలో, మధ్యలో అద్దం. ఒకరికొకరు కనబడుతూనే ఉంటారని ఆ ఏర్పాటు చేసినవాడు ఎంతో మురిసిపోయాడు. చేసినవాడు పిన్ని మొగుడే.

ఆ మనిషి సంగతి చెప్పాలంటే, ఆ ఇంట్లో మొదటినుంచీ ఆటలో అరటిపండు. అన్నగారిని పెద్దసారు అంటారు, ఈయన్ని చిన్నసారు అంటారు, అనేటప్పుడు నవ్వుతారు. దెయ్యాల గుహ పెట్టాడు, పిల్లలకి జ్వరాలొచ్చాయని మూసేశారు. నీళ్ళ పడవలు తెచ్చాడు, మునిగాయి. ఆఖరికి ఈ హాలు సంగతి ఎత్తినప్పుడు భోజనాల బల్ల దగ్గర వారం పాటు యుద్ధం జరిగింది. పిల్లలొచ్చే చోట మందేమిటని తోడికోడలు ముక్కున వేలేసుకుంది. చిన్నసారు మాత్రం ఎన్నడూ లేనంత గట్టిగా వాదించాడు.

"ఇప్పుడు తాగట్లేదా వదినా? కార్లు పెట్టే చోటికెళ్ళి చూడండి. డిక్కీ తెరిచి, దొంగల్లాగా నిలబడి, వేడి వేడి మందు గొంతులో పోసుకుని వస్తున్నారు. అదే మన కళ్ళముందు, మనం కొలిచి పోస్తే? మనిషికి రెండు గ్లాసులు. గ్లాసుకో ముద్ర చేతి మీద. మూడోది అడిగితే మజ్జిగ."

మాట అబద్ధం కాదు. ఆ డిక్కీల సంగతి పిన్నికీ తెలుసు. ఆయన ఒక మాట కోసం అలా నిటారుగా నిలబడటం పెళ్ళయ్యాక ఆమె మొదటిసారి చూసింది. బల్ల కింద ఆయన చెయ్యి నొక్కి, పైకి "ఆయన చెప్పింది నిజమే బావగారూ" అంది. ఆ ఇంట్లో ఆమె నోరు విప్పడమే అరుదు కనుక ఆ మాటకు బరువు వచ్చింది. ఒక్క సీజనుకు తాత్కాలిక పర్మిట్టు వచ్చింది. హాలు కళకళలాడింది. అన్నగారు ఇప్పుడు తమ్ముడి భుజం మీద చెయ్యేసి నడుస్తున్నాడు. చిన్నసారు అనేటప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

హాల్లో మైకు పెట్టె మాత్రం విప్పేశారు. మనిషి హాయిగా గ్లాసు ఎత్తుతుంటే "ఎర్ర గౌను పాప మా దగ్గర ఉంది" అని వినబడితే మందు దిగదట. ఆ సంగతి మొగుడు చెప్పినప్పుడు పిన్ని నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత ఆమెకే అర్థం కాలేదు.

ఆ ఆదివారం శాశ్వత పర్మిట్టు ఇవ్వాలా వద్దా అని చూడటానికి ఆఫీసరు వచ్చాడు. పార్కు వెనక గేటును ఆనుకుని ఉన్న ఇంట్లో పొద్దున్నే హడావిడి. మొగుడి నీలం చొక్కా పిన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసింది. బొత్తాలు పెట్టుకుంటుంటే ఆయన వేళ్ళు వణికాయి. భయమేమో అనుకుంది. అలా అనుకోవడం ఆమెకీమధ్య బాగా అలవాటైంది. ముఖం ఉబ్బితే నిద్ర చాల్లేదేమో, మాట తడబడితే అలసటేమో, తాను ఇల్లు చేరేసరికే పడకెక్కి ఉంటే నడుం నొప్పేమో. అన్నిటికీ ఆమె దగ్గర ఒక జవాబుంది.

"ఇవాళ ఒక్కరోజూ నీ గదిలో గొడవ లేకుండా చూడు," అన్నాడాయన చెప్పులేసుకుంటూ. "ఆఫీసరు ముందు ఏ పిల్లా ఏడవకూడదు. ఇది పోతే నాకింకేం లేదే. మళ్ళీ అన్నయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడలేను."

"ఏం కాదు, వెళ్ళిరండి," అంది.

కూతురు పిచ్చుక అప్పటికే గుమ్మం దిగి ఎదురుచూస్తోంది. తొమ్మిదేళ్ళది. సన్నగా, ఒకచోట నిలవకుండా ఉంటుందని ఆ పేరు. సెలవు రోజుల్లో తల్లి గదిలో చేరి పిల్లల్ని ఆడించేది. ఈ సీజను నుంచి ఆ గది ఊసెత్తడం లేదు. ఇసుక గుంట దగ్గరే ఉంటుంది. ఇసుకాటకు వయసు మించిపోయింది కదే అంటే, "నాన్న కనబడతాడుగా" అంటుంది. తండ్రి మీద ప్రేమ పొంగుతోందని పిన్ని సంబరపడింది.

ఎండ కాస్త వాలాక ఒక పిల్ల వచ్చింది. ఆరేడేళ్ళుంటాయి. రెండు జడలు, ఒకటి చెవి పైన, ఒకటి మెడ దగ్గర. దువ్వెన పట్టడం చేతకాని మగవాడి పనితనం అక్కడే తెలిసిపోతోంది. మామూలుగా పిల్లల్ని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తెస్తారు. ఈ పిల్ల ఒక్కతే వచ్చి, తలుపు తట్టి, "నేను తప్పిపోయాను," అంది. కళ్ళల్లో తడి చుక్క లేదు.

"నువ్వు కాదమ్మా, మీ వాళ్ళు తప్పిపోయారు. నీ పేరేంటి?"

పిల్ల చెప్పలేదు. లోపలికొచ్చి గోడవారగా కుర్చీ చూసుకుని కూర్చుంది, ఇంటికొచ్చినట్టుగా. బొమ్మల కాగితం, రంగు పెన్సిళ్ళు ఇస్తే తీసుకుంది, బిస్కెట్టిస్తే తింది. పేరడిగితే మాత్రం ఉలకదు, పలకదు. పిన్ని తలుపు గడియ పెట్టి మైకు అందుకుంది. పసుపు గౌను, రెండు జడలు, కుడి చేతికి ఊదారంగు పట్టీ. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చెప్పింది. ఎవరూ రాలేదు.

"నాన్నతో వచ్చావా? అమ్మతోనా?"

"నాన్నతో. అమ్మ ఊరెళ్ళింది."

"నాన్న ఎక్కడ తప్పిపోయాడో గుర్తుందా?"

పిల్ల పెన్సిలు ఆపి, పిన్ని వంక జాలిగా చూసింది. "నాన్న తప్పిపోలేదు. గాజు తలుపుల దాంట్లో ఉన్నాడు. నేనే వచ్చేశాను. మేం ఇంటికి కారులో వెళ్ళాలి కదా. నాకు వెళ్ళాలని లేదు."

"ఎందుకని?"

"పోయినసారి కారు గోడకి కొట్టాడు," అంది పిల్ల. మళ్ళీ రంగులు వేసుకోసాగింది.

పిన్ని ఫోను అందుకుని హాలుకు చేసింది. మొగుడే ఎత్తాడు. వెనక పాటలు, నవ్వులు.

"ఏవండీ, ఊదా పట్టీ ఆయన ఎవరో చూడండి. పాప ఇక్కడుంది. ఇంక పొయ్యకండి ఆయనకి."

"ఎవరూ? ఆయనా? భలే మనిషే! ఇప్పుడే జోకు చెప్పాడు," అన్నాడు. నవ్వాడు. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు నవ్వాడు. "ఆఫీసరు ఇటే వస్తున్నాడే. వచ్చిన గెస్టుని లేపి తరమమంటావా? మెల్లగా పంపిస్తాలే."

ఆ నవ్వు ఆమె చెవిలో ఉండిపోయింది. హాల్లో గోలగా ఉండి గట్టిగా మాట్లాడుతున్నాడేమో అనుకుంది. దానికీ జవాబు దొరికింది చూశారా.

తండ్రి వచ్చేసరికి ఎండ గది గోడ దిగిపోయింది. నలభై ఏళ్ళ మనిషి, అచ్చం ఇస్త్రీ చొక్కాల మనిషే, నీలం చొక్కా, మంచి బూట్లు. రౌడీలా ఉంటాడేమోనని కాచుకున్న పిన్ని తెల్లబోయింది. గుమ్మంలో తల వంచి మరీ నమస్కారం పెట్టాడు. ఆ వంగడంలో కాలు కొంచెం తూలింది. వాసన గదంతా నిండింది. వేలికి కారు తాళాలు వేలాడుతున్నాయి.

"క్షమించాలండీ. అక్కడ మాటల్లో పడి... రా తల్లీ, వెళ్దాం."

పట్టీ యంత్రం కింద పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. పిల్ల లేవలేదు. రెండు చేతులా కుర్చీ అంచు పట్టుకుంది.

"కారెవరు నడుపుతారండీ?" అంది పిన్ని.

"నేనే. ఎందుకు? రెండే గ్లాసులు. చూడండి." చెయ్యి చాపాడు. మణికట్టు మీద రెండు ముద్రలు. ఆ మనిషిని చూస్తే రెండుతో ఆగినవాడిలా లేడు. ముద్రలు మాత్రం రెండే. ఆ ముద్ర ఎవరు వేస్తారో పిన్నికి తెలుసు.

ఫోను మోగింది. బావగారు. ఆఫీసరు పక్కనే ఉన్నాడని గొంతు తీరును బట్టే తెలుస్తోంది, ప్రతి మాటకూ చక్కెర అద్దుతున్నాడు. "అమ్మా, ఆకుపచ్చ వెలిగినట్టు మా దగ్గర కనబడింది. ఇంకా పాపని పంపలేదేం? సారుకి మన పిల్లల గది చూపించడానికి వస్తున్నాం. గది ఖాళీగా ఉంటే బాగుంటుంది."

"బావగారూ, ఆయన బాగా..."

"పంపెయ్యమ్మా," అన్నాడు బావగారు. చక్కెర కరిగిపోయింది. "నీ మొగుడి బతుకు ఇవాళ్టితో తేలుతుంది. నీకు చెప్పాలా?"

ఫోను పెట్టేశాక పిన్ని ఆ చిన్న గదిని నాలుగు వైపులా చూసింది. పంపితే ఈ పిల్ల కారెక్కుతుంది. పంపనంటే ఆఫీసరు ముందు రభస, హాలు మూత, ఇంట్లో మొగుడు మళ్ళీ అరటిపండు. గది వదిలి ఎవరినైనా పిలుచుకొద్దామంటే పిల్ల లోపల ఉంది, గుమ్మం దాటే వీల్లేదు. పోనీ ఈ మనిషిని తిట్టిపోద్దామా అంటే, ఆయనకు పోసింది తన మొగుడు, పోయడానికి ఒప్పించింది తాను. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆమె. పారిపోవాలనిపించింది. నిజంగానే, గోడలు బద్దలు కొట్టుకుని, ఆ మైకూ యంత్రమూ అక్కడే పారేసి పారిపోవాలనిపించింది.

"ఏమ్మా, ఎంతసేపు?" తండ్రి విసుగు పడ్డాడు. "నా పిల్లని నాకివ్వడానికి మీ పర్మిషనేంటి? దీపం వెలిగిందా లేదా?" పిల్ల చెయ్యి పట్టుకుని లాగాడు. కుర్చీతో సహా పిల్ల జానెడు జరిగింది. అరవలేదు. అరవకపోవడమే పిన్నికి భరించరానిదైంది. ఎన్నిసార్లు ఇలా జరిగితే ఒక పిల్ల అరవడం మానేస్తుంది?

"కూర్చోండి," అంది పిన్ని.

"ఏంటీ?"

"కూర్చోమంటున్నాను. పిల్లని వదిలి కూర్చోండి. మీ వాళ్ళని పిలుస్తాను."

ఆ గొంతులో ఏముందో గానీ ఆ మనిషి పిల్ల చెయ్యి వదిలాడు. చుట్టూ చూశాడు. మోకాలెత్తు కుర్చీలు తప్ప ఏమీ లేవు. ఒకదాంట్లో కూలబడ్డాడు. మోకాళ్ళు గడ్డాన్ని తాకాయి. పిన్ని మైకు నొక్కింది. ఎన్నో ఏళ్ళుగా వల్లె వేసిన మాటలే, నోరు తనంతట తాను అల్లుకుంటూ పోయింది.

"అందరికీ నమస్కారం. దొరికిన పిల్లల గది నుంచి మాట్లాడుతున్నాను. ఒక నాన్న తప్పిపోయి మా దగ్గరికి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. నీలం చొక్కా. మందు వాసన వస్తోంది. సరిగ్గా నిలబడలేకపోతున్నారు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. ఆయన తాలూకు వాళ్ళెవరైనా ఉంటే వచ్చి తీసుకెళ్ళండి. భయపడకండి, ఆయన క్షేమంగా ఉన్నారు."

రంగులరాట్నం దగ్గర ఎవరో పకపకా నవ్వారు. నవ్వినవాళ్ళు మళ్ళీ నవ్వలేదు. కుర్చీలో మనిషి ముఖం ఎర్రబడింది. "పరువు తీశావు కదమ్మా! నీ మీద కంప్లయింటు ఇస్తాను! నేను తప్పిపోవడమేంటి?" అని లేవబోయాడు. చిన్న కుర్చీ నడుముకు పట్టేసి ఆయనతో పాటే లేచింది. మళ్ళీ కూర్చోక తప్పలేదు.

అప్పుడు తలుపు తట్టారు. ఆయన తాలూకు పెద్దవాళ్ళెవరో వచ్చారనుకుని పిన్ని గడియ తీసింది. ఒంటినిండా ఇసుకతో ఒక పిల్లవాడు. తలుపు సందులోంచి తల పెట్టి, కుర్చీలో మనిషి ముఖం పరీక్షగా చూశాడు.

"మా నాన్న కాదు," అన్నాడు. వెళ్ళిపోయాడు.

వాడి వెనక అక్కాచెల్లెళ్ళిద్దరు, చేతులు పట్టుకుని వచ్చారు. పెద్దది చూసింది, చిన్నదాన్ని ఎత్తి చూపించింది. "కాదు కదా?" "కాదక్కా." వాళ్ళ వెనక ఇంకొకడు, చేతిలో ప్లాస్టిక్ చేట అలాగే ఉంది. వాడి వెనక ఇంకా కొందరు. ఇసుక గుంట మొత్తం లేచి వచ్చింది. ఒక్కొక్కళ్ళూ గుమ్మంలో నిలబడటం, ఆ ముఖంలోకి చూడటం, ఊపిరి వదలడం, పక్కకు తప్పుకోవడం. ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. అలా చూసి చూసి అలవాటున్న చూపులు అవి. మొదట కోపంగా ముఖం తిప్పుకున్న ఆ మనిషి కాసేపటికి ఇంక తిప్పుకోలేకపోయాడు. తలొంచుకుని, ఒక్కో పిల్ల "కాదు" అన్నప్పుడల్లా ఇంకొంచెం ముడుచుకున్నాడు.

బావగారూ ఆఫీసరూ వచ్చేసరికి గుమ్మం దగ్గర పిల్లల గుంపు. బావగారికి అరికాలి మంట నెత్తికెక్కింది గానీ పక్కన ఆఫీసరు ఉన్నాడు కనుక పళ్ళు మాత్రం కనిపించేలా నవ్వాడు. "ఏదో పిల్లల ఆట సార్. మా మరదలు సరదా మనిషి."

ఆఫీసరు నవ్వలేదు. వంగి పసుపు గౌను పిల్లని అడిగాడు. "ఈయన మీ నాన్నేనా?"

పిల్ల ఆలోచించింది. తొందరేమీ పడలేదు. "ఇప్పుడు కాదు," అంది. "రేపు పొద్దున్న అవుతాడు."

ఆ తండ్రి వేలికున్న తాళాల గుత్తి తియ్యబోతే ఒక పట్టాన రాలేదు. తీసి బల్ల మీద పెట్టి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "ఎవరైనా నడిపేవాళ్ళని చూడండి," అన్నాడు వేళ్ళ మధ్యలోంచి. పిన్నికి ఆ మనిషి మీద కోపం పోయి జాలి వేసింది. పిల్ల మాత్రం లేవలేదు. కుర్చీ అంచు మీద పట్టు కాస్త సడలించిందంతే.

సరిగ్గా అప్పుడే పిల్లల మధ్యలోంచి దూరుకుంటూ పిచ్చుక వచ్చింది. వెనక గేటు వైపు నుంచి పరుగెత్తుకుని వచ్చినట్టుంది, రొప్పుతోంది, ముఖం వెలిగిపోతోంది. పెదనాన్నను చూడలేదు, ఆఫీసరును చూడలేదు, తల్లిని కూడా చూడలేదు. సూటిగా కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి చేతులు పక్కకు జరిపి ముఖంలోకి చూసింది. వెలుగంతా ఆరిపోయింది.

"నాన్న కాదా?" అంది.

"కాదమ్మా. నాన్న ఎందుకవుతాడు? భయపడకు, నాన్న హాల్లో ఉన్నాడు," అని పిన్ని కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నవ్వబోయింది కూడా, ఆఫీసరు వింటున్నాడని.

"భయం కాదమ్మా. నాన్నే అయితే బాగుండుననుకున్నా." పిచ్చుక తల్లి వంక తిరిగింది. "నీలం చొక్కా అన్నావు. నిలబడలేకపోతున్నాడన్నావు. నువ్వే పట్టుకున్నావనుకున్నా. హమ్మయ్య, ఇవాళ నేను తీసుకెళ్ళక్కర్లేదనుకున్నా."

"నువ్వు... తీసుకెళ్ళడమేంటే?"

"రోజూ నేనేగా. వెనక గేటు దగ్గర కుళాయి కింద ముఖం కడిగించి, పుక్కిలి పట్టించి, నువ్వు గది మూసి వచ్చేలోపు మంచం ఎక్కిస్తా. నీకు చెప్తే హాలు తీసేయిస్తావని, అప్పుడు పెదనాన్న నవ్వుతాడని నాన్న ఏడ్చాడు. అందుకే చెప్పలేదు." చెప్పేశాక నాలిక కరుచుకుని పెదనాన్న వంక చూసింది. మళ్ళీ తల్లి చెయ్యి విడిపించుకోబోయింది. "వెళ్తానమ్మా. ఇంకాసేపైతే నాకు లేవడు. బరువు."

పిన్ని ఊళ్ళోవాళ్ళ పిల్లలు ఏ చొక్కాలో ఉన్నారో, ఏ జడలో ఉన్నారో పార్కంతటికీ చెప్పిన మనిషి. తన పిల్ల ఎక్కడుందో ఒక సీజను పొడుగునా చూసుకోలేదు. చూడలేదా, చూడదలచుకోలేదా? ఏడుపు రాలేదు ఆమెకి. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. కూతురి మణికట్టు మాత్రం వదల్లేదు.

"వద్దు," అంది. "నువ్వు వెళ్ళొద్దు."

"మరెవరు వెళ్తారు?" అంది పిచ్చుక. మొండితనం కాదు, నిజంగానే అడిగింది.

బావగారు నేల చూస్తున్నాడు. ఆఫీసరు బావగారిని చూస్తున్నాడు. చిన్న కుర్చీలో మనిషి తల ఎత్తలేదు. పసుపు గౌను పిల్ల గోడవారగా అలాగే కూర్చుని ఉంది. ఆ పిల్ల లేచి వెళ్ళేదాకా పిన్ని కదలడానికి లేదు. పిచ్చుక ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది, జవాబు కోసం. ఎవరూ కదల్లేదు.

పిన్ని ఇంకో కుర్చీ లాగి, ఆ పిల్ల పక్కన వేసి, కూతుర్ని కూర్చోబెట్టింది. పిచ్చుక కూర్చుంది గానీ అంచు మీదే కూర్చుంది, కళ్ళు తలుపు మీద పెట్టుకుని.